కాలేజ్ ఫుట్‌బాల్ ఆడాలనుకుంటే చిన్న కాలేజీతో మొదలుపెట్టండి

ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియో గేమ్‌లో అలబామానో, ఒహాయో స్టేట్‌నో, అలాంటి పెద్ద కాలేజీ జట్టు తీసుకుని ఆడితే సగం గేమ్ మీకు కనపడదు. నేను మాట్లాడుతున్నది ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ గురించి. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్ పెట్టుకుని కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. పెద్ద జట్టు తీసుకుంటే మొదటి రోజు నుంచే అన్నీ అమరిపోయి ఉంటాయి, మంచి ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు, మీరు మ్యాచ్ ఆడి గెలిచేసి పడుకుంటారు. చిన్న కాలేజీ తీసుకుంటే ఒక్కో కుర్రాడి కోసం తల బద్దలు కొట్టుకోవాలి, ఈ గేమ్ అసలు పనితనం అంతా అక్కడే ఉంది.

మాది పర్లాకిమిడి. ఒడిశా గజపతి జిల్లా, కానీ ఊళ్లో తెలుగు ఎక్కడికక్కడ వినిపిస్తుంది. నేను ప్లస్ టూ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను. మా పెదనాన్నగారి అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు, సెలవులకి వచ్చినప్పుడు కాలేజ్ ఫుట్‌బాల్ 25 డిస్క్ తెచ్చి ఇచ్చి, "కెన్నెసా స్టేట్‌తో ఆడు, మా ఇంటికి దగ్గర" అన్నాడు. కెన్నెసా స్టేట్ అంటే అట్లాంటా పక్కనే ఉన్న యూనివర్సిటీ, దాని ఫుట్‌బాల్ జట్టు మొదటి సీజన్ ఆడిందే 2015లో, పై డివిజన్‌లోకి వచ్చింది 2024లో. వందేళ్ల చరిత్ర ఉన్న జట్ల మధ్యకి వచ్చిన కొత్త జట్టు అన్నమాట. ఆ గేమ్ మా ఇంట్లో అందరికీ పట్టుకోవడానికి అదే కారణం అనుకుంటున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రెండు వైపులా పదకొండేసి మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు, వాటినే డౌన్స్ అంటారు, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి, వెళ్లకపోతే బంతి అవతలివాళ్లది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే 3. ఇంతే తెలిస్తే గేమ్ మొదలుపెట్టొచ్చు, మిగతావి ఆడుతూ ఆడుతూ వచ్చేస్తాయి.

ఈ గేమ్ వెనక ఒక పెద్ద గొడవ ఉంది, అది తెలిస్తే దీన్ని చూసే తీరు మారుతుంది. 2013లో వచ్చిన ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 (అప్పట్లో ఈ గేమ్ పేరు అది) తర్వాత పదకొండేళ్లపాటు ఈ గేమ్ రాలేదు. ఎందుకంటే కాలేజీ ఆటగాళ్ల ఎత్తు, రంగు, జెర్సీ నంబరు అన్నీ గేమ్‌లో పెట్టి అమ్ముతున్నారు గానీ ఆ కుర్రాళ్లకి పైసా ఇవ్వడం లేదు. ఎడ్ ఓ'బానన్ అనే పాత బాస్కెట్‌బాల్ ఆటగాడు ఒక గేమ్‌లో తనలాంటి బొమ్మ ఉండటం చూసి 2009లో కోర్టుకి వెళ్లాడు. కేసు చాలా ఏళ్లు నడిచింది, గేమ్ ఆగిపోయింది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చని రూల్ మారాక మళ్లీ దారి తెరుచుకుంది. 2024 జులై 19న కాలేజ్ ఫుట్‌బాల్ 25 వచ్చింది, 134 జట్లు, ఒప్పుకున్న ఒక్కో ఆటగాడికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ. పది వేల మందికి పైగా ఒప్పుకున్నారు. 600 డాలర్లు ఎక్కువా తక్కువా అని అమెరికాలో వాదన ఉంది. నా మటుకు నాకు తక్కువే అనిపిస్తుంది. కానీ అడగకుండా వాడుకోవడం నుంచి అడిగి, సంతకం తీసుకుని, డబ్బిచ్చి వాడుకోవడం వరకు వచ్చారంటే అది ఆ కుర్రాళ్లు గెలిచిన విషయం.

ఇక ఆట సంగతి. మొదట నన్ను పట్టేసింది స్టేడియం. అమెరికాలో కాలేజీ మ్యాచ్‌లకి జనం మామూలుగా రారు, మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు, అదీ ఒక యూనివర్సిటీ స్టేడియం! ఆ జనాన్ని గేమ్‌లో ఊరికే బొమ్మల్లా పెట్టలేదు, ఆటలో ఒక భాగం చేశారు. మీరు పరాయి మైదానానికి వెళ్లి మూడో డౌన్‌లో ఇరుక్కున్నారనుకోండి, హోరు పెరిగిపోతుంది, స్క్రీన్ వణుకుతుంది, చేతిలో కంట్రోలర్ అదురుతుంది, ఏ ఆటగాడు ఎటు పరిగెత్తాలో చూపించే గీతలు వంకరలు తిరిగిపోతాయి. కొత్త కుర్రాళ్లు ఎక్కువ బెదురుతారు, మూడు నాలుగేళ్లు ఆడినవాళ్లు నిలబడతారు. 25లో అన్నింటికన్నా కష్టమైన మైదానంగా టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్ల కైల్ ఫీల్డ్‌ని పెట్టారు, తర్వాతి ఏడు వచ్చిన 26లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వాళ్ల టైగర్ స్టేడియాన్ని. మీ కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడిని, తీసుకుని అక్కడికి వెళ్తే నిజంగా టెన్షన్ వచ్చేస్తుంది, మా బావ ఆ మ్యాచ్‌లకి ఫ్యాన్ స్పీడు పెంచి కూర్చుంటాడు.

రెండోది ఆప్షన్ ఆట. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఇది తక్కువ, కాలేజీలో ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కవాడి పొట్ట దగ్గర పెడతాడు, ఇచ్చేస్తున్నట్టే ఉంటాడు, ఆ అర సెకనులో ఎదురుగా ఉన్న ఒక డిఫెండర్‌ని చూస్తాడు. వాడు పక్కవాడి మీదకి దూకితే బంతి లాక్కుని తనే పరిగెడతాడు, వాడు తనకోసం ఆగితే బంతి ఇచ్చేస్తాడు. కబడ్డీలో కూతకి వెళ్లినవాడు కార్నర్ వాడి కాళ్లు ఎటు కదులుతున్నాయో చూసి అటో ఇటో వేస్తాడు కదా, సరిగ్గా అదే చూపు కావాలి. మా మేనల్లుడికి ఇది ఒక్క సాయంత్రంలో వచ్చేసింది, వాడు పాతపట్నంలో కబడ్డీ ఆడతాడు. నాకు మాత్రం బంతి విసరడమే ఇష్టం, బటన్ ఎంతసేపు నొక్కామన్నదాన్ని బట్టి బలం, గురి మారతాయి, కొంచెం ఎక్కువ నొక్కితే బంతి మనవాడి తలమీద నుంచి పోతుంది. దెబ్బల లెక్క కూడా ఉంది, భుజానికి ఎక్కువ దెబ్బలు తగిలితే ఆ మనిషి విసురు తగ్గుతుంది, కాలికి తగిలితే పరుగు తగ్గుతుంది. అందుకని మంచి ఆటగాడు ఉన్నాడు కదా అని ప్రతిసారీ బంతి వాడికే ఇవ్వకూడదు.

మోడ్‌ల విషయానికి వస్తే నాలుగు ముఖ్యమైనవి ఉన్నాయి, అందులో డైనాస్టీకే నేను ఓటు వేస్తాను, మిగతావాటికి దానికి పోలిక లేదు.

డైనాస్టీలో మీరు కోచ్. హెడ్ కోచ్‌గా చేరొచ్చు, లేదా ఆఫెన్స్ (బంతి మనదైనప్పటి ఆట) వైపో డిఫెన్స్ (అవతలివాళ్లని ఆపే ఆట) వైపో కోఆర్డినేటర్‌గా మొదలై పైకి రావచ్చు, 30 సీజన్ల వరకు ఆడొచ్చు. ఆన్‌లైన్‌లో అయితే 32 మంది ఒకే లీగ్‌లో తలో కాలేజీ తీసుకోవచ్చు. మా దగ్గర ఒకటే మిషన్, కాబట్టి మేం పనులు పంచుకున్నాం. అక్కావాళ్లది పాతపట్నం, సరిహద్దు దాటితే వచ్చేస్తుంది, ఆదివారం బావ, మేనల్లుడు బండి మీద వచ్చేస్తారు. ఆఫెన్స్ నాది, డిఫెన్స్ బావది, కుర్రాళ్లని తెచ్చే పని మేనల్లుడిది.

ఆ కుర్రాళ్లని తేవడం, అంటే రిక్రూటింగ్, ఈ గేమ్‌లో అన్నింటికన్నా బాగా చేసిన పని. దేశంలో హైస్కూల్ పూర్తి చేస్తున్న ఆటగాళ్లందరూ ఒక జాబితాలో ఉంటారు, ప్రతిభని బట్టి ఒక్కొక్కరికి ఇన్ని స్టార్లని ఉంటాయి. మన బోర్డు మీద 35 మందిని మాత్రమే పెట్టుకోగలం. వారానికి ఇన్ని గంటలని మనకి ఇస్తారు, పెద్ద కాలేజీకి ఎక్కువ, చిన్న కాలేజీకి తక్కువ, ఆ గంటల్ని ఈ కుర్రాళ్ల మీద పంచాలి. ఒకడికి మెసేజ్ పెట్టొచ్చు, వాడి ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో మాట్లాడొచ్చు, దానికి 25 గంటలు. ఉన్నదంతా వాడి మీదే పెట్టేయొచ్చు, దానికి 50. కొందరిని స్కౌటింగ్ చేసి చూస్తే పైకి కనపడినదానికన్నా మెరుగ్గా ఉంటారు, కొందరు అంత లేదని తేలుతుంది. చూడకుండా గంటలు పోస్తే అవి పోయినట్టే.

ఒక్కో కుర్రాడికి మనసులో మూడు కోరికలు ఉంటాయి, అవి ముందు మనకి తెలియవు. ఒకడికి కొత్తలోనే ఆడే అవకాశం కావాలి, ఒకడికి చదువులో కాలేజీకి పేరుండాలి, ఒకడికి ఇల్లు దగ్గరుండాలి, ఒకడికి టీవీలో కనపడాలి, ఒకడు ఆ కోచ్ రేపు ఉంటాడా పోతాడా అని చూస్తాడు. మొత్తం పద్నాలుగు విషయాల్లో మన కాలేజీకి గ్రేడ్లు ఉంటాయి. వాటిలో ఏది ఎవడికి చెప్పాలో వారం వారం కనిపెట్టుకుంటూ వెళ్లాలి. వీటికి తోడు ప్రతివాడికీ ఒక షరతు ఉంటుంది, గేమ్‌లో డీల్‌బ్రేకర్ అంటారు, ఆ విషయంలో మన గ్రేడు తగ్గితే వాడు తలుపు వేసేస్తాడు. చేరినవాడు కూడా అంతే, రెండో ఏడు ఆడించకపోతే సీజన్ అయ్యాక ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితాలో, పేరు పెట్టేసుకుంటాడు.

ఇది ఆడుతున్నప్పుడు నాకు మా ఊరి పిల్లలే గుర్తొస్తారు, మనసులో ఉన్నది చెప్తున్నాను. ప్లస్ టూ రిజల్ట్స్ రాగానే మా ట్యూషన్ పిల్లల ఇళ్లలో ఇదే లెక్క జరుగుతుంది. సామ్స్ పోర్టల్‌లో, అంటే ఒడిశా కాలేజీ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో, ఆప్షన్లు పెట్టాలి, ఇక్కడే ఉండి చదవాలా, బరంపురం పంపాలా, భువనేశ్వర్ దాకా పంపాలా, లేక భాష బాగుంటుంది, చుట్టాలున్నారు అని శ్రీకాకుళమో విశాఖపట్నమో పంపాలా. ఒక ఇంట్లో తండ్రికి హాస్టల్ ఖర్చు షరతు, ఇంకో ఇంట్లో తల్లికి ఆడపిల్ల సాయంత్రానికి ఇంటికి రావాలన్నది షరతు, పిల్లకి మాత్రం తన స్నేహితురాలు ఎక్కడ చేరితే అక్కడ. మార్కులు ఒక్కటే చూసి ఈ పిల్ల ఫలానా కాలేజీకి వెళ్తుందని ఎవరూ చెప్పలేరు. ఒక ఆటల కంపెనీ ఇంత సున్నితమైన విషయాన్ని పట్టుకుని, దాన్ని నంబర్లలో పెట్టి, అయినా మనుషుల్లాగే అనిపించేలా చేయడం నాకు చాలా గొప్పగా అనిపించింది. వేరే స్పోర్ట్స్ గేమ్‌లలో డబ్బు పెట్టి ఆటగాడిని కొంటాం. ఇక్కడ కొనేది లేదు, ఒప్పించాలి.

కెన్నెసాకి ఏముంది చెప్పడానికి? చరిత్ర లేదు, ట్రోఫీలు లేవు, టీవీలో పెద్దగా రాదు. ఉన్నవి రెండే, చేరగానే ఆడిస్తాం, అట్లాంటా చుట్టుపక్కల కుర్రాళ్లకి ఇల్లు దగ్గర. జార్జియాలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లకి కరువు లేదు కాబట్టి ఆ రెండు చాలు. మొదట్లో బావ అన్నాడు, "ఏరా, ఐదు స్టార్ల వాడు ఒకడు కనపడుతున్నాడు, వాడికే పెట్టేద్దాం గంటలన్నీ." మేనల్లుడు ఒప్పుకోలేదు. "నాన్నా, వాడి లిస్టులో జార్జియా ఉంది, అలబామా ఉంది, మన దగ్గరికి ఏటికొస్తాడు? రెండు స్టార్ల వాళ్లలో పైకొచ్చేవాళ్లని నేను వెతుకుతాను" అన్నాడు. వెతికాడు కూడా. కాలేజీ చూడటానికి కుర్రాళ్లని పిలిచే వారాలు కూడా వాడే చూస్తాడు. మన ఇంటి మైదానంలో మంచి మ్యాచ్ ఉన్న వారం పిలవాలి, గెలిస్తే వాళ్ల మనసు మన వైపు తిరుగుతుంది. ఒక క్వార్టర్‌బ్యాక్‌ని, బంతి అందుకునే రిసీవర్‌ని కలిపి పిలిస్తే ఇద్దరికీ ఉత్సాహం వస్తుంది, ఒకే స్థానానికి ఇద్దరిని ఒకే రోజు పిలిస్తే ఇద్దరూ ముఖం ముడుచుకుంటారు. ఇంత ఆలోచించి పెట్టారు.

అయితే ఈ కష్టమంతా సీజన్ చివర పోర్టల్ తెరిచినప్పుడు ఒక్కసారి కదిలిపోతుంది. మనం వెతికి తెచ్చి, మూడేళ్లు మంచి ఆటగాడిగా చేస్తే, పెద్ద కాలేజీ వచ్చి పట్టుకుపోతుంది. నిజం అమెరికాలో కూడా ఇదే జరుగుతోంది, చిన్న కాలేజీల కోచ్‌లందరి బాధ ఇదే. ఆపడానికి మాట్లాడి చూడొచ్చు, కొందరు ఆగుతారు, కొందరు ఆగరు. మేనల్లుడు ఒక లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) పోయినప్పుడు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. తర్వాత నుంచి వాడు ప్రతి ఏడూ ఎవరిని తక్కువ ఆడించామో ముందే కాగితం మీద రాసుకుని నాకు ఇస్తున్నాడు, "మావయ్యా, వీళ్లని దింపు" అని. మా జట్టు 85 మందిలో ఎవరెవరు అలిగి ఉన్నారో వాడికి నోటికి వచ్చు.

కష్టానికి ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. 2024లో అమెరికాలో సీజన్ చివర చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌ని 12 జట్లకి పెంచారు, అందులో ఐదు సీట్లు ర్యాంకింగ్‌లో పైనున్న ఐదు కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) చాంపియన్లకి ఇచ్చారు. గేమ్‌లోనూ అలాగే పెట్టారు. అంటే చిన్న కాన్ఫరెన్స్ జట్టు కూడా బాగా ఆడితే లోపలికి వెళ్లొచ్చు. నిజంగానే ఆ మొదటి ఏడు బోయిసీ స్టేట్ అలా వెళ్లింది. పాత పద్ధతిలో నాలుగే జట్లు ఉండేవి, చిన్నవాళ్లకి ఆ తలుపు దాదాపు మూసేసి ఉండేది.

రోడ్ టు గ్లోరీ అనేది రెండో మోడ్. ఇందులో మీరు ఒక్క ఆటగాడు. ఐదు స్టార్ల వాడిగా మొదలవ్వచ్చు, ఎవరికీ పట్టని రెండు స్టార్ల వాడిగా మొదలవ్వచ్చు. వారానికి ఇంత శక్తి అని ఉంటుంది, దాన్ని చదువు, ప్రాక్టీసు, ఆరోగ్యం, జట్టులో పెద్దరికం, బయట పేరు వీటి మధ్య పంచుకోవాలి. చదువు వదిలేస్తే మార్కులు పడిపోతాయి, కోచ్ నమ్మకం సంపాదించకపోతే బెంచీ మీదే కూర్చోవాలి. పిల్లలకి ఇది చాలా నచ్చుతుంది. 25లో హైస్కూల్ భాగం లేదు, 26లో మళ్లీ తెచ్చారు, మంచి పని చేశారు, హైస్కూల్లో మనం ఎలా ఆడామో దాన్ని బట్టే కాలేజీలు వెంటపడితే ఆ చేరిక మనది అనిపిస్తుంది. రెండు స్టార్లతో మొదలుపెట్టమనే ఇక్కడా చెప్తాను.

అల్టిమేట్ టీమ్ అంటే కార్డుల ప్యాకెట్లు విప్పి జట్టు కట్టుకోవడం. పాత ఆటగాళ్లు, కొత్త ఆటగాళ్లు అందరూ కలుస్తారు. సొంత డబ్బు పెట్టి ప్యాకెట్లు కొనే దారి అందులో ఉంది, కాబట్టి ఇంట్లో పిల్లలుంటే కార్డు వివరాలు అందులో సేవ్ చేయకండి. కాలేజీ ఫుట్‌బాల్‌కి ప్రాణం ఆ కాలేజీ మీద అభిమానం, అన్ని కాలేజీల వాళ్లని కలిపేస్తే అది పోతుంది, అందుకే నాకు ఈ మోడ్ పట్టలేదు. రోడ్ టు ది ప్లేఆఫ్ ఆన్‌లైన్ పోటీ, ఒక కాలేజీని ఎంచుకుని ఎదుటివాళ్లతో ఆడుతూ ర్యాంకు పెంచుకోవాలి. బాగుంటుంది, కానీ మంచి నెట్ కావాలి, సాయంత్రం పూట మా వీధిలో నెట్ ఉండే తీరుకి బంతి విసిరాక అది అవతల చేరేలోపు అంతా అయిపోతుంది.

టీమ్ బిల్డర్ గురించి మాత్రం చెప్పాలి. వెబ్‌సైట్‌లో సొంత కాలేజీ తయారు చేసి, రంగులు, యూనిఫాం, లోగో అన్నీ పెట్టి, డైనాస్టీలో ఒక జట్టు స్థానంలో దింపొచ్చు. మా ఊరు కొమ్ము పనికి పేరు కదా, కొమ్ముతో చేసిన పక్షులు, జంతువుల బొమ్మలు ఇక్కడి నుంచి ఎక్కడెక్కడికో వెళ్తాయి. మేనల్లుడు రెండు కొమ్ములు ఎదురెదురుగా పెట్టి లోగో గీసి పర్లాకిమిడి జట్టు తయారు చేస్తున్నాడు. హెల్మెట్ మీద ఆ కొమ్ములు చాలా బాగున్నాయి.

25 కొనాలా 26 కొనాలా అని అడిగితే 26 అనే చెప్తాను. 2025 జులై 10న వచ్చింది, డెలావేర్, మిజోరి స్టేట్ చేరి జట్లు 136 అయ్యాయి, 25లో లేని అసలు కోచ్‌లు మూడు వందల మందికి పైగా వచ్చారు. ఎదుటి జట్టు పక్కన నిజం కోచ్ నిలబడి ఉంటే మ్యాచ్‌కి ఆ బరువు వస్తుంది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, 25 గానీ 26 గానీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మిషన్ల మీదే నడుస్తాయి, పాత ప్లేస్టేషన్ 4 ఉన్నవాళ్లు డిస్క్ తెప్పించుకోకండి.

కొత్తవాళ్లు ఫ్రెష్‌మన్ లెవెల్‌లో కొన్ని మ్యాచ్‌లు ఆడి వార్సిటీకి వెళ్లండి, దాని పైన ఆల్ అమెరికన్, ఆపైన హైస్మన్ ఉన్నాయి, తొందరేం లేదు. పూర్తి మ్యాచ్‌కి తీరిక లేకపోతే సూపర్‌సిమ్‌తో, అంటే మ్యాచ్‌ని గబగబా కంప్యూటరే ఆడేసే ఏర్పాటుతో, కొంత భాగం దాటేయండి గానీ రిక్రూటింగ్‌ని మాత్రం ఆటోమేటిక్‌లో పెట్టకండి. అది కంప్యూటర్‌కి వదిలేస్తే నేను ఇప్పటిదాకా చెప్పినదంతా మీకు ఉండదు.

మాకు ఇప్పుడు ఒక తగువు నడుస్తోంది. సీజన్ అయ్యాక కోచ్‌లకి వేరే కాలేజీల నుంచి ఉద్యోగాలు వస్తాయి, మాకూ ఒక పెద్ద కాలేజీ నుంచి వచ్చింది. బావ వెళ్దామంటాడు, గంటలు ఎక్కువ దొరుకుతాయి, పెద్ద స్టేడియం, ఎన్నాళ్లు ఇక్కడే అంటాడు. మేనల్లుడు వినడం లేదు, కోచ్ ఉంటాడని నమ్మి చేరిన కుర్రాళ్లు తొమ్మిది మంది ఉన్నారట, పేర్లు చదివి వినిపించాడు. నేను వాడి వైపు. ఆఫర్ వద్దని నొక్కేశాం, బావ ఇంకా గునుస్తున్నాడు గానీ వచ్చే ఆదివారం మొదటి మ్యాచ్‌కి డిఫెన్స్ మాత్రం ఆయనే చూస్తానన్నాడు.